ఏ సెక్షన్ కింద భయపడాలి?

తెలుగులో టెర్రరిజానికి ఉన్నన్ని పేర్లు హేట్ క్రైమ్‌కి లేవు. మా చిన్నప్పుడు పేపర్లో 'తీవ్రవాదులు' అని కనిపిస్తే నక్సలైట్లనీ, 'ఉగ్రవాదులు' అని కనిపిస్తే పంజాబ్ వాళ్ళో కాశ్మీర్ వాళ్ళో అనీ లోపల చదవకుండానే తెలిసిపోయేది. ఏ డెస్కులో ఏ సబ్ ఎడిటర్ ఈ పంపకం చేశాడో గానీ, అందరూ దాన్ని శ్రద్ధగా పాటించారు. హేట్ క్రైమ్ దగ్గరికొచ్చేసరికి మనకున్నది 'విద్వేష నేరం'. ఆ మాటని మనుషులెవరైనా నోటితో అనగా నేను వినలేదు. శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపిన వార్త వచ్చినప్పుడు మా నాన్న 'జాతి అహంకారం' అన్నాడు. అమ్మ 'ఏం కక్షరా వాడికి' అంది. కక్ష అనడానికి ముందు కాస్త పరిచయం ఉండాలి కదా. ఇక్కడ చంపినవాడికి చనిపోయినవాడి పేరు కూడా తెలీదు.

పేరు లేకపోవడం అంటే ఆ పని మన దగ్గర జరగలేదని కాదు. కారంచేడు, చుండూరు రెండూ మన ఊళ్ళ పేర్లే. వాటికి మనం వాడే మాటలు మారణకాండ, ఊచకోత. రెండూ శవాల లెక్క చెప్పే మాటలే. ఎందుకు చంపారన్నది ఆ మాటల్లో లేదు. ఆ విషయానికి మళ్ళీ వస్తాను.

నాకు ఈ పేర్ల గొడవ పట్టుకున్నది 2017లో. అప్పుడు నేను డల్లాస్‌లో ఉన్నాను, కంపెనీ పంపిన రెండేళ్ళ ప్రాజెక్ట్ మీద. ఫిబ్రవరి 22 సాయంత్రం కేన్సస్ రాష్ట్రం ఒలేథా అనే ఊళ్ళో, ఆస్టిన్స్ బార్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు ఆఫీసయ్యాక రోజూలాగే కూర్చున్నారు. ఇద్దరూ గార్మిన్‌లో ఇంజనీర్లు, ఇద్దరికీ 32 ఏళ్ళు. ఆడమ్ ప్యూరింటన్ అనే 51 ఏళ్ళ మాజీ నేవీ ఉద్యోగి వాళ్ళ దగ్గరికొచ్చి మీది ఏ వీసా, మీరు లీగల్‌గానే ఉన్నారా అని గొడవకి దిగాడు. బార్‌వాళ్ళు బయటికి పంపించేశారు. వాడు తుపాకీ పట్టుకుని తిరిగొచ్చి, నా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు. అలోక్ మాదసాని గాయంతో బతికాడు. అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే 24 ఏళ్ళ తెల్ల కుర్రాడికి చేతిలోంచి ఛాతీలోకి బుల్లెట్ దూసుకెళ్ళింది. ప్యూరింటన్ అక్కణ్ణుంచి పక్క రాష్ట్రం మిస్సోరీకి కారేసుకుని పోయి, ఇంకో రెస్టారెంట్లో కూర్చుని, ఇద్దరు ఇరానియన్లని చంపానని బార్‌టెండర్‌తో చెప్పాడు. అలా దొరికాడు.

శ్రీనివాస్ చదివింది హైదరాబాద్ జేఎన్‌టీయూలో. నాది దానికి అఫిలియేట్ అయిన ఒక కాలేజీ. నాకంటే మూడేళ్ళు సీనియర్. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆయన జీవితం రూట్ మ్యాప్ మొత్తం నాకు తెలుసు. ఎంసెట్, ఇంజనీరింగ్, జీఆర్ఈ, టెక్సస్‌లో ఎమ్మెస్, హెచ్1బి, గ్రీన్ కార్డ్ క్యూ. హైదరాబాద్‌లో సగం అపార్ట్‌మెంట్లలో ఆ మ్యాప్ ఉంటుంది.

ఆ వారం మా వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరిగింది. బయట తెలుగులో మాట్లాడొద్దు, ఎవరైనా రెచ్చగొడితే వాదన పెట్టుకోవద్దు, ఒంటరిగా ఉన్నప్పుడు చుట్టూ చూసుకోండి, అవసరమైతే 911కి ఫోన్ చేయండి. మా అక్కావాళ్ళు అప్పుడు ఒమాహాలో ఉండేవాళ్ళు. మా మేనల్లుడికి నాలుగేళ్ళు, వాడికి వచ్చిందే తెలుగు. వాల్‌మార్ట్‌లో వాడు 'అమ్మా, అది కావాలి' అని అరిస్తే అక్క నోరు మూసిందట. ఫోన్లో ఈ మాట నవ్వుతూనే చెప్పింది. బావకి మాత్రం నవ్వు రాలేదు. 'ఇది టెర్రరిజం కాకపోతే ఇంకేంట్రా? వాడొక్కణ్ణి చంపితే ముప్ఫై లక్షల మంది నోరు మూసుకున్నారు' అన్నాడు. (లెక్క బావది, కొంచెం అటూ ఇటూ.) వారం రోజులు ఆయన ఇదే పట్టు. బ్రౌన్ వాడు కాలిస్తే మొదటి గంటలోనే ఆ మాట వాడతారు, తెల్లవాడు కాలిస్తే మోటివ్ కోసం వెతుకుతారు అని.

బావ అన్న రెండో మాటతో నాకు పేచీ లేదు. మొదటి మాట మీదే ఉంది. ఉండాలా వద్దా అని ఇప్పటికీ తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాను.

అమెరికా చట్టాన్ని నేను నా వృత్తి అలవాటుతోనే చదివాను, ఎవరో రాసి వెళ్ళిపోయిన కోడ్ చదివినట్టు. హేట్ క్రైమ్ అనేది అక్కడ విడిగా ఒక పని కాదు. హత్య, దాడి, ఇల్లు తగలబెట్టడం ఇలాంటి నేరమేదో ముందే ఉండాలి. దానికి 'ఎందుకు వీణ్ణే ఎంచుకున్నావు' అన్న ప్రశ్నని తగిలిస్తారు. 2009లో వచ్చిన మాథ్యూ షెపర్డ్, జేమ్స్ బర్డ్ జూనియర్ చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం, లింగం, లైంగికత, వైకల్యం లాంటి కారణాల్లో ఏదో ఒకటి జవాబుగా రావాలి. ఆ కారణం నిజం కావాల్సిన అవసరం కూడా లేదు, కొట్టినవాడు అలా అనుకుంటే చాలు. ప్యూరింటన్ హైదరాబాద్ వాళ్ళని ఇరానియన్లనుకున్నాడు. చట్టం దృష్టిలో ఆ పొరపాటు వాడికి ఏమాత్రం పనికిరాదు.

టెర్రరిజం అలా కాదు. దానికి నిర్వచనం 2001లో పేట్రియాట్ చట్టంతో దేశం లోపలికి కూడా వచ్చింది. ప్రాణాలకి ప్రమాదమైన నేరం చెయ్యాలి, అది పౌరుల్ని బెదిరించడానికో, బెదిరింపుతో ప్రభుత్వ విధానాన్ని మార్చడానికో చేసినట్టు కనిపించాలి. ఇక్కడి ప్రశ్న వీణ్ణెందుకు ఎంచుకున్నావన్నది కాదు, వీణ్ణి చంపి ఇంకెవరికి ఏం చెప్పాలనుకున్నావన్నది. ఒకటి వెనక్కి చూస్తుంది, రెండోది ముందుకి చూస్తుంది. తమాషా ఏంటంటే, దేశీయ టెర్రరిజం అని నిర్వచనమైతే రాసుకున్నారు గానీ ఫెడరల్ చట్టంలో ఆ పేరుతో విడిగా ఒక నేరమూ శిక్షా పెట్టలేదు. డిక్లేర్ చేసి వదిలేసిన వేరియబుల్. దర్యాప్తులో పనికొస్తుంది, ఛార్జ్‌షీట్‌లో ఆ పేరుతో కేసు పెట్టలేరు. విదేశీ సంస్థయితే కథ వేరు. ప్రభుత్వం తయారుచేసిన జాబితాలో ఆ సంస్థ పేరుంటే, దానికి చిన్న సాయం చేసినా పెద్ద నేరమే. కాబట్టి ఐసిస్ పేరు చెప్పి కాల్చినవాడు టెర్రరిస్ట్ అవడం సులువు. తన సొంత కడుపుమంటతో కాల్చినవాడు హేట్ క్రైమ్ కిందికి వస్తాడు. బావ కోపానికి ఇదొక ఆధారం, ఒప్పుకోవాల్సిందే.

2015 జూన్‌లో చార్ల్‌స్టన్‌లోని నల్లవాళ్ళ చర్చిలో డిలన్ రూఫ్ తొమ్మిదిమందిని చంపాడు. జాతుల మధ్య యుద్ధం రావాలని వాడు రాసుకున్నాడు కూడా. అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ, తనకి అప్పటికి తెలిసినంతలో అది రాజకీయ చర్యలా కనబడటం లేదని, అందుకే టెర్రరిజం అనలేనని చెప్పాడు. ఒక నెల తర్వాత హేట్ క్రైమ్ అభియోగాలు ప్రకటిస్తూ అటార్నీ జనరల్ లొరెట్టా లించ్, అసలు దేశంలో పుట్టిన మొట్టమొదటి టెర్రరిజమే హేట్ క్రైమ్ అన్న అర్థంలో మాట్లాడింది. ఎఫ్‌బీఐ ఉన్నది ఆవిడ శాఖ కిందే. ఒకే శాఖలో రెండు జవాబులు. నాకు ఇద్దరిలో లించ్ మాటే చరిత్రకి దగ్గరగా అనిపిస్తుంది. ముసుగులేసుకుని రాత్రిపూట వచ్చి ఒకణ్ణి చెట్టుకి ఉరేసి పోయిన కూ క్లక్స్ క్లాన్ వాళ్ళకి ఆ ఒక్కడితో పని లేదు. తెల్లారాక ఆ చెట్టు కింద నుంచి నడిచి వెళ్ళాల్సిన మిగతావాళ్ళతోనే పని.

అసలు ద్వేషానికి ఎక్కువ శిక్ష ఎందుకు, మనసులో ఏముందో దానికి శిక్ష వేయడమేగా ఇది అన్న అభ్యంతరం పాతదే. 1993లో అమెరికా సుప్రీం కోర్టు ముందుకి ఇది విస్కాన్సిన్ నుంచి వచ్చింది. ఆ కేసులో దెబ్బలు తిన్నది తెల్లపిల్లాడు, శిక్ష పెరిగింది నల్లవాడికి. ఈ సంగతి వాదనల్లో ఎవరూ గుర్తుచేయరు. కోర్టు ఏకగ్రీవంగా అదనపు శిక్ష సబబే అంది. చెప్పిన కారణాల్లో, ఇలాంటి నేరం ప్రతీకారాలకి దారితీస్తుంది, మొత్తం సమూహంలో అలజడి రేపుతుంది అన్నవి ఉన్నాయి. గమనించారా? హేట్ క్రైమ్‌కి శిక్ష ఎందుకు పెంచాలో చెప్పాల్సి వచ్చినప్పుడు న్యాయమూర్తులు కూడా దెబ్బతిన్న ఒక్కడి దగ్గర ఆగలేకపోయారు. వాడి వెనకాల భయపడే గుంపుని చూపించారు. అంటే టెర్రరిజం వాదననే ఇంకో తలుపులోంచి లోపలికి తెచ్చారు.

మరి తేడా ఎక్కడుంది? చాలాచోట్ల అది నేరంలో కన్నా చేతిలో ఏ చట్టం ఉందన్నదాంట్లోనే ఉందనిపిస్తుంది. 2019 మార్చి 15న న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో ఒకడు 51 మందిని చంపాడు. చనిపోయినవాళ్ళలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కూడా ఉన్నాడు. మళ్ళీ అదే రూట్ మ్యాప్, వేరే దేశం. ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఆ రోజే దాన్ని టెర్రరిస్ట్ దాడి అంది. హంతకుడి మీద 51 హత్యలు, 40 హత్యాయత్నాలతో పాటు ఒక టెర్రరిజం అభియోగం కూడా పెట్టారు. 2002లో చట్టం చేశాక ఆ దేశంలో ఆ నేరం రుజువైన మొదటివాడు వాడే. చార్ల్‌స్టన్‌లో చర్చి, క్రైస్ట్‌చర్చ్‌లో మసీదు. రెండుచోట్లా ప్రార్థనకి వచ్చినవాళ్ళే, రెండుచోట్లా తెల్లజాతి గొప్ప అన్న పిచ్చే. ఒకచోట హేట్, ఒకచోట టెర్రర్.

న్యూయార్క్ రాష్ట్రమైతే ఈ రెంటినీ కలిపి ఒకే నేరంగా రాసేసింది. ద్వేషంతో చేసిన దేశీయ టెర్రరిజం అని దాని పేరు. 2020లో చట్టమైంది. ఐదుగురో అంతకంటే ఎక్కువమందినో చంపాలన్న ఉద్దేశం ఉండాలి, వాళ్ళని జాతిని బట్టో మతాన్ని బట్టో ఎంచుకుని ఉండాలి. 2022 మేలో బఫలో ఊళ్ళో సూపర్‌మార్కెట్‌లో పదిమంది నల్లవాళ్ళని చంపినవాడు ఆ సెక్షన్ కింద నేరం ఒప్పుకున్న మొదటివాడు. ఐదు అన్న అంకె ఎందుకో నాకు అంతుబట్టదు. ఆ లెక్కన ఒలేథా అందులో పట్టదు. ఇద్దరు తెలుగువాళ్ళు, వాళ్ళకోసం లేచిన ఒక తెల్లవాడు. మొత్తం ముగ్గురే.

ప్యూరింటన్‌ సంగతికొస్తే, రాష్ట్ర కోర్టులో హత్య కేసు నడిచింది, నేరం ఒప్పుకున్నాడు. యాభై ఏళ్ళదాకా పెరోల్ లేని జీవితఖైదు. ఫెడరల్ కోర్టులో హేట్ క్రైమ్ కేసు నడిచింది, అదీ ఒప్పుకున్నాడు. 2018 ఆగస్టులో ఒకదాని తర్వాత ఒకటిగా మూడు జీవితఖైదులు వేశారు. టెర్రరిజం అన్న మాట లేకుండానే వాడు ఇక బయటికి రాడు. బావకి ఇది చెబితే, 'శిక్ష గురించి కాదురా, పేరు గురించి' అన్నాడు. నిజమే, ఆయన అడిగేది గౌరవం. మన చావుని కూడా దేశం మీద జరిగిన దాడిగా లెక్కపెట్టమంటున్నాడు. శ్రీనివాస్ భార్య సునయన దుమాల కాల్పుల తర్వాత రెండో రోజే గార్మిన్ ఆఫీసులో ప్రెస్ ముందుకొచ్చి, మేం ఇక్కడివాళ్ళమేనా అని అడిగింది కూడా దీన్నే.

నేనెందుకు ఆ పేరు కోరుకోనో చెప్పాలంటే హైదరాబాద్ రావాలి.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు నేను సెకండియర్‌లో ఉన్నాను. బాంబుకి తొమ్మిదిమంది చనిపోతే, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకొందరు పోయారు. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్. నలభైమందికి పైగా చనిపోయారు. గోకుల్ చాట్ మా బ్యాచ్ అడ్డా, ఆ శనివారం మేం వెళ్ళకపోవడానికి ల్యాబ్ ఇంటర్నల్ తప్ప వేరే కారణం లేదు. ఆ బాంబు పెట్టినవాడికీ నేనెవరో తెలీదు, నన్ను ఎంచుకోలేదు. అక్కడ ఎవరుంటే వాళ్ళు. హేట్ క్రైమ్‌కీ దీనికీ ఉన్న తేడాని నేను పుస్తకంలో చదవకముందే అర్థం చేసుకున్నది ఇక్కడే. ప్యూరింటన్‌కి ఆ బార్‌లో తెల్లవాళ్ళు కనబడలేదు. గోకుల్ చాట్ బాంబుకి మొహాలు లేవు.

మా క్లాసులో పాతబస్తీ నుంచి వచ్చే స్నేహితుడొకడు ఉండేవాడు. మక్కా మసీదు పేలుడు తర్వాత వాళ్ళ వీధిలో కుర్రాళ్ళని పట్టుకెళ్ళారు. పేలింది వాళ్ళు నమాజు చేసే చోట, అనుమానం వాళ్ళ మీదే. కొన్నేళ్ళకి కోర్టులు వాళ్ళని వదిలేశాయి. ప్రభుత్వం కొందరికి నష్టపరిహారమూ, మీరు మంచివాళ్ళేనని సర్టిఫికెట్లూ ఇచ్చింది. కేసు చేతులు మారి సీబీఐ, ఎన్‌ఐఏల దాకా వెళ్ళి, నిందితులూ మారారు. ఈసారి హిందూ అతివాద సంస్థల పేర్లు వచ్చాయి. 2018 ఏప్రిల్‌లో వాళ్ళనీ నిర్దోషులుగా వదిలేశారు. కాబట్టి మక్కా మసీదు పేలుడుకి ఈ రోజుకీ దోషి లేడు. నా స్నేహితుడికి మాత్రం 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళ తర్వాత కొండాపూర్‌లో ఫ్లాట్ దొరకలేదు. అప్పటికి వాడికి నాకంటే ఎక్కువ జీతం. మూడిళ్ళు నేనే వెంట తిరిగి చూపించాను. పేరు చెప్పేదాకా అన్నీ బానే ఉండేవి.

టెర్రరిజం అన్న మాట ఒట్టి పేరు కాదు, దాంతో ఒక టూల్ కిట్ వస్తుంది. టాడా ఉన్న రోజుల్లో దాని కింద పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లేది. మామూలుగా మన చట్టంలో అది చెల్లదు. యూఏపీఏ కింద ఛార్జ్‌షీట్‌కి 180 రోజులదాకా గడువు, బెయిలు దాదాపు అసాధ్యం. హేట్ క్రైమ్ చట్టం నేరం రుజువయ్యాక శిక్ష పెంచుతుంది. టెర్రరిజం చట్టం నేరం రుజువు కాకముందే మనిషిని మార్చేస్తుంది. (మన ఎస్సీ, ఎస్టీ చట్టం కూడా ముందస్తు బెయిలు ఇవ్వదు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, ఇవ్వదు. కానీ ఆ చట్టంలో ఫిర్యాది దెబ్బ తిన్నవాడు. యూఏపీఏలో ఫిర్యాది రాజ్యం. నాకు ఆ రెండూ ఒకటి కావు.) ఒలేథాకి ఆ కిట్ ఇవ్వమని అడిగితే ఇస్తారు. కానీ ఇచ్చాక ఆ కిట్ ఒలేథాలోనే ఉంటుందని హామీ ఏమీ లేదు. అది ఇంకో ఊళ్ళో ఇంకెవరి ఇంటి తలుపో కొడుతుంది. ఎవరి తలుపో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఇప్పుడు కారంచేడు. టాడా దేశంలోకి వచ్చింది 1985 మే నెలాఖర్లో. కారంచేడులో ఊరి కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగల్ని చంపింది అదే ఏడు జూలై 17న. మధ్యలో రెండు నెలలు కూడా లేవు. టాడాలో టెర్రరిస్ట్ చర్య అంటే ఏమిటో చదవండి. ప్రభుత్వాన్ని భయపెట్టడం ఒకటే కాదు. ప్రజల్లో 'ఏదైనా ఒక వర్గాన్ని' భీతావహుల్ని చేయడం, వర్గాల మధ్య సామరస్యాన్ని దెబ్బతీయడం, బాంబులూ తుపాకులే కాకుండా ఇతర మారణాయుధాలు వాడటం, ఇవన్నీ ఉన్నాయి. తాగేనీళ్ళ దగ్గర ఒక మాదిగ స్త్రీ అభ్యంతరం చెప్పిందని తెల్లారి గుంపుగా గూడెం మీద పడి గొడ్డళ్ళతో, బరిసెలతో వెంటాడి చంపడం, మిగిలినవాళ్ళు ఊరొదిలి చీరాల పారిపోయి అక్కడే ఉండిపోవడం. ఆ నిర్వచనంలో ఏ పదం ఇక్కడ సరిపోదు? అయినా కారంచేడు అనగానే టెర్రరిజం అన్న మాట ఎవరికీ గుర్తుకు రాదు. ఆ దశాబ్దంలో ఆ మాట మన రాష్ట్రంలో ఎవరి కోసం దాచిపెట్టారో పాత పేపర్లు తీస్తే తెలుస్తుంది.

కారంచేడు నుంచి పుట్టిన దళిత ఉద్యమం అడిగింది కూడా టెర్రరిజం చట్టం కాదు. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. మన దేశంలో హేట్ క్రైమ్ చట్టం అనదగ్గది ఏదైనా ఉంటే ముందు అదే. దానికి తెలుగులో పెట్టిన పేరు చూడండి. అత్యాచారం అంటే ఇప్పుడు పేపర్లో ఒక్కటే అర్థం. అసలు అర్థం ఆచారాన్ని దాటిన పని. చట్టం పేరే సగంమందికి తప్పుగా వినబడుతుంది.

ఆ చట్టానికీ ఒలేథా ప్రశ్నే ఎదురైంది. పదేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరం ఎస్సీ, ఎస్టీల మీద చేస్తే జీవితఖైదు అని అందులో ఒక సెక్షన్ ఉంది. మొదట్లో దాని షరతు, బాధితులు ఆ కులంవాళ్ళు 'అన్న కారణంతో' నేరం చేసి ఉండాలి అని. ఆ కారణాన్ని రుజువు చెయ్యడం ఎలా? ప్యూరింటన్ అరిచాడు కాబట్టి దొరికాడు. మన దగ్గర అంత అవసరం ఉండదు. ఊళ్ళో ఎవరు ఎవరో అందరికీ తెలుసు, అరవక్కర్లేదు. 2016లో అమల్లోకి వచ్చిన సవరణతో షరతు మారింది. కులం తెలిసి చేస్తే చాలు. కానీ అంతకు ముందు జరిగిన నేరాలకి పాత మాటే. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీం కోర్టుకి వెళ్ళిన ఒక కేసులో, చూపులేని దళిత యువతి మీద జరిగిన అత్యాచారం రుజువైంది, జీవితఖైదు నిలబడింది. 2021లో ఇచ్చిన ఆ తీర్పులో కులం, లింగం, వైకల్యం ఒకదానిమీద ఒకటి ఎలా పేరుకుంటాయో కోర్టు పేజీలకి పేజీలు, నిజంగా బాగా రాసింది. రాసి, నేరం ఆమె కులం కారణంగానే జరిగిందనడానికి సాక్ష్యం లేదని ఎస్సీ, ఎస్టీ చట్టం కింద వేసిన శిక్షని తీసేసింది. తీర్పుల్ని సాహిత్యంగా చదివే నా పిచ్చికి ఇంతకంటే విచారమైన ముగింపు తగల్లేదు.

చుండూరు గురించి ఎక్కువ రాయలేను. 1991 ఆగస్టు 6, ఎనిమిదిమంది. ఘటన జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి జీవితఖైదు వేశారు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. పేరు సరిగ్గా పెట్టినంత మాత్రాన ఏమవుతుందో ఏం కాదో చుండూరు చెబుతుంది.

2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఈ రెండూ ఒకే పుస్తకంలోకి చేరాయి. 113వ సెక్షన్ టెర్రరిస్ట్ చర్య. 103వ సెక్షన్ రెండో క్లాజు, ఐదుగురో ఎక్కువమందో కలిసి జాతి, కులం, సమూహం, లింగం, పుట్టిన చోటు, భాష, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణంతో చేసిన హత్య. మళ్ళీ ఐదు! న్యూయార్క్‌లో చంపాలనుకున్నవాళ్ళు ఐదుగురు కావాలి, మన దగ్గర చంపేవాళ్ళు ఐదుగురు కావాలి. మూకదాడుల్ని దృష్టిలో పెట్టుకుని రాశారు కాబట్టి అలా ఉంది. పొండి మా ఊళ్ళోంచి అని అరిచి ఒక్కడే వచ్చి కాల్చే ప్యూరింటన్ హైదరాబాద్‌లో ఉంటే వాడిది మామూలు హత్యే. ఆ జాబితాలో మతం అన్న మాట నేరుగా లేదన్నది కూడా చూడండి. సమూహం, విశ్వాసం అన్నవాటిలో అది వస్తుందని లాయర్లంటారు. రావచ్చు. భాష అని రాయడానికి మొహమాటపడలేదు మరి.

బావతో నా వాదన ఇప్పటికీ తెగలేదు. ఆయనిప్పుడు గ్రీన్ కార్డ్ హోల్డర్, నేను గచ్చిబౌలిలో. ఆయన మాటలో నాకు జవాబు లేనిది ఒక్కటే ఉంది. వాల్‌మార్ట్‌లో అక్క పిల్లాడి నోరు మూసిన ఆ క్షణానికి ఏ పేరు పెడతావు అంటాడు. కొట్టినవాడి ఉద్దేశాన్ని బట్టే రెండు చట్టాలూ పనిచేస్తాయి. నెబ్రాస్కాలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి భయపెట్టాలని ప్యూరింటన్ అనుకున్నాడా? తాగి ఉన్నవాడు అంత దూరం ఆలోచించాడనుకోను. అయినా భయం అక్కడిదాకా వెళ్ళింది. ఉద్దేశం లేకుండా భయం అంత దూరం వెళ్ళగలదంటే దారి ముందే వేసి ఉండాలి. ఆ దారి వేసినవాళ్ళు ఏ సెక్షన్ కిందికీ రారు. కాల్పులకి నాలుగు వారాల ముందే, ఇరాన్‌తో సహా ఏడు దేశాలవాళ్ళు రాకూడదని అమెరికా అధ్యక్షుడు సంతకం పెట్టాడు.

ఆ రోజుల్లో మనవాళ్ళ గ్రూపుల్లో ఇంకో మాట కూడా తిరిగింది. దాని గురించి తర్వాత ఎవరూ రాయలేదు. 'వాడు ఇరానియన్లు అనుకున్నాడట పాపం.' ఈ పాపం ఎవరికి? 2001 సెప్టెంబర్ 15న ఆరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కుని, తలపాగా చూసి ముస్లిం అనుకుని కాల్చేశారు. ఆ ఏడు ఎఫ్‌బీఐ లెక్కల్లో ముస్లింల మీద ద్వేష ఘటనలు 28 నుంచి 481కి పెరిగాయి. టెర్రరిజం ఒకటి జరిగితే దాని నీడలో హేట్ క్రైమ్‌లు పుడతాయన్నది ఆ అంకెలు చూస్తేనే తెలుస్తుంది. అప్పట్నుంచీ మనవాళ్ళు చేస్తూ వచ్చిన పని, మేం వాళ్ళం కాదు, మేం హిందువులం, మేం ఇండియన్లం అని చెప్పుకోవడం. కొందరు బొట్టు పెట్టుకోమని సలహా ఇచ్చారు. అడ్రస్ తప్పిన బుల్లెట్ అన్నట్టు మాట్లాడుకున్నాం, సరైన అడ్రస్ ఒకటి ఉన్నట్టు.

డల్లాస్‌లో మా టీమ్‌లో ఒక ఇరానియన్ ఉండేవాడు, డేటాబేస్ మనిషి, నలభై దాటినవాడు. వాళ్ళమ్మ టెహ్రాన్‌లో వీసా ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తుండగా ఆ సంతకం పడింది. ఒలేథా వార్తలో ఇరానియన్లు అన్న సంగతి బయటికొచ్చిన రోజు, పొద్దున్నే నా డెస్క్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. సారీ అన్నాడు. ఎందుకన్నాను. 'అది మాకోసం వచ్చింది, మీవాడికి తగిలింది' అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడు, చాలా మెల్లగా, పక్క క్యూబికల్‌కి వినబడకుండా. నాకేం చెప్పాలో తెలీలేదు. లేచి కుర్చీ జరిపాను. ఇద్దరం ప్యాంట్రీలోకి వెళ్ళి టీ పెట్టుకున్నాం. వాళ్ళకీ టీని చాయ్ అనే అంటారని ఆ రోజే తెలిసింది.